గట్టు అవతలి నాన్నగారు

మా నాన్నగారికి తడి అంటే పడేది కాదు. సముద్రపు హోరు వినబడేంత దగ్గర్లో పుట్టి, రాజోలు వైపు ఈ ఉప్పుగాలిలోనే పెరిగి, ఇక్కడి ప్రాథమిక పాఠశాలలోనే పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి తడి పడకపోవడం ఏమిటని ఊరంతా నవ్వేది. ఆయన మాత్రం నవ్వేవారు కాదు. వానాకాలంలో బడికి బయల్దేరితే చెప్పులు సంచిలో వేసుకుని, పంచె మోకాళ్ళ పైకి ఎత్తిపట్టి, బురదలో గట్టిగా ఉన్న చోటు వెతుక్కుంటూ కొంగలా అడుగులేసేవారు. బడి అరుగెక్కాక జేబురుమాలు తీసి, వేళ్ళ సందులతో సహా రెండు పాదాలూ తుడుచుకుని, చెప్పులు తొడుక్కుని, అప్పుడు గంట కొట్టించేవారు. ముఖానికి వేరే రుమాలు ఉండేది. ఈ రెండు రుమాళ్ళూ కలిసిపోకుండా ఉతికి ఆరెయ్యడం అమ్మ పని.

అమ్మ సంగతి పూర్తిగా వేరు. ఆవిడ ఆలమూరు అవతల గోదావరి లంకలో పుట్టింది. వరదొస్తే పశువుల్ని గట్టెక్కించి, బియ్యం డబ్బాలు అటకెక్కించి, గుమ్మానికి పడవ కట్టుకుని కూర్చునేవాళ్ళట. ఎర్రనీళ్ళు వచ్చేవి, కొన్నాళ్ళు ఉండేవి, పోయేవి. పోతూ పోతూ పొలాల్లో ఒండ్రు వదిలి వెళ్ళేవి. ఆ ఏడు వంగ, మిరప విరగ్గాసేవట. వరద గురించి చెప్పేటప్పుడు అమ్మ ముఖం పుట్టింటి చుట్టాల గురించి చెప్తున్నట్టు ఉండేది. పెళ్ళై ఇక్కడికొచ్చాక మొదటిసారి ఉప్పునీటి ముంపు చూసి మూతి విరిచిందట. "ఇదేం నీళ్ళండీ బాబూ! వస్తాయి, పోవు. పోయినా ఒక ఉపకారం చెయ్యవు," అందట. ఆ మాట నాన్నగారు మాకు ఎన్నిసార్లు చెప్పారో.

వాళ్ళ కాపురంలో నేను చూసిన తగువు ఒక్కటే, అది తడి గురించి. పొద్దున్నే వాకిలీ వరండా వంటగదీ బిందెలకి బిందెలు పోసి కడిగితే గానీ అమ్మకి ప్రాణం కుదుటపడేది కాదు. నాన్నగారు వీధి మెట్టు మీదే నిలబడిపోయి "ఆరిందా?" అని కేకేసేవారు. "ఆరుతుందండీ. మీకంత తొందరైతే వచ్చి ఊదండి," అని లోపల్నుంచి అమ్మ. ఆయన అక్కడే నిలబడి పేపరు చదువుకునేవారు. కాసేపటికి మళ్ళీ "ఆరిందా?" అనేవారు. నా చిన్నతనమంతా ఆ ఒక్క ప్రశ్న వింటూ గడిచింది. ఇప్పుడు ఇల్లు ఎంత పొడిగా ఉన్నా అలా అడిగేవాళ్ళు లేరు. పొద్దున్నే తడిబట్ట పెట్టి వరండా తుడిచాక ఒక్కోసారి నేనే ఆ మెట్టు వైపు చూస్తూ ఉండిపోతాను.

మా చర్చి వెనకే డ్రెయిను. పొలాల మురుగునీరు పట్టుకెళ్ళి సముద్రంలో కలపడానికి తవ్విన కాలువ అది. సముద్రానికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. పోటు వచ్చినప్పుడు అదే కాలువలోంచి ఉప్పునీరు ఎదురెక్కి వచ్చేది, పాటులో వెనక్కి దిగేది. చర్చికీ డ్రెయినుకీ మధ్య మా సమాధుల తోట. మా ముత్తాతలు కూలిపని చేసుకునేవాళ్ళు. బతకడానికైనా, చచ్చాక పడుకోవడానికైనా, ఊళ్ళో ఎవరికీ అక్కర్లేని చోటే వాళ్ళకి దొరికింది. ఆ తరవాత పిల్లలు చదువుకున్నారు, మేష్టర్లయ్యారు, నర్సులయ్యారు, డాబాలు కట్టారు. సమాధుల తోట మాత్రం అక్కడే ఉండిపోయింది. అయినా నా చిన్నప్పుడు అక్కడ కాళ్ళకి చెమ్మ అంటేది కాదు. బంతిపూలు పూసేవి. మేకలు మేసేవి, అయ్యగారు తోలేవారు, అవి మళ్ళీ వచ్చేవి. అయ్యగారంటే మా చర్చి పాస్టరు గారు.

నేను సైన్సు టీచరునై, మా ఆయన ఇల్లరికం వచ్చి (ఈ ముక్క రాయొద్దన్నారు, అయినా రాస్తున్నాను), పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయ్యేలోగా ఆ చోటు మారిపోయింది. భూమి కుంగుతోందని కొందరు, సముద్రం లేస్తోందని కొందరు, డ్రెయిను సముద్రంలో కలిసే మొగ పూడిపోయిందని కొందరు అనేవారు. అన్నీ నిజమేనని నాకనిపించేది. మొదట మా నుయ్యి ఉప్పెక్కింది. టీలో పోసిన పాలు విరిగిపోయేవి. అమ్మ పాలవాణ్ణి తిట్టేది, పాపం. తరవాత డ్రెయిను వెంబడి కొబ్బరిచెట్లు మొవ్వులు ఎండి, మట్టలు రాలి, ఒట్టి మొండేలై నిలబడ్డాయి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు లారీలు ఒకప్పుడు మా వీధి చివర ఆగి కాయ ఎత్తుకెళ్ళేవి. ఇప్పుడవి మా వైపు తిరగడం మానేశాయి.

నాన్నగారు పోయింది ఆ రోజుల్లోనే, వానాకాలం చివర, పున్నమి దాటిన మర్నాడు. జబ్బు లేదు, ఏమీ లేదు. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తానని పడుకున్న మనిషి లేవలేదు. కునుకులో ఉండగా లేపితే ఆయనకి చెడ్డ కోపం. అందుకని అమ్మ సాయంత్రం దాకా ఆ గది తలుపు తియ్యలేదు. ఆ సంగతి అమ్మ నోట రావడానికి ఏళ్ళు పట్టింది.

గొయ్యి తవ్వేవాళ్ళు నడుంలోతుకి వెళ్ళేసరికి నీరు ఊరింది. తోడారు. మళ్ళీ ఊరింది. పోటు ఎక్కే వేళ అది. పెట్టె దించే సమయానికి అడుగున నీళ్ళు నిలబడి, అందులో ఆకాశం కనబడుతోంది. అయ్యగారు వాక్యం చదవడం ఆపేశారు. అప్పుడు అమ్మ ముందుకొచ్చి, తాడుకట్టిన బకెట్టు ఎవరి చేతిలోంచో లాక్కుని, గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుని తనే తోడడం మొదలుపెట్టింది. ఎవరూ ఆపలేకపోయారు. తోడుతూ పక్కనున్న పెట్టె వైపు తిరిగి, "ఉండండి, ఇంకా ఆరలేదు," అంది.

ఆఖరికి ఇసక బస్తాలు తెచ్చి గోతిలో పోసి, దాని మీద పెట్టె దించారు. మేమంతా గుప్పెడేసి మన్ను వేశాం. ఎండుమన్ను పడితే వచ్చే చప్పుడు రాలేదు. ఆ తరవాత అమ్మ ఏ పని చేస్తున్నా, చేపలు కడుగుతున్నా, చర్చికి చీర కట్టుకుంటున్నా, ఉన్నట్టుండి "మీ నాన్నగారిని నీళ్ళలో పెట్టేమే," అనేది.

మాలో ఈస్టరు నాడు తెల్లవారకముందే సమాధుల దగ్గరికి వెళ్ళి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడుకుంటాం. ఈస్టరు ఎప్పుడూ పున్నమి దాటాకే వస్తుంది. పున్నమికే పోటు జోరెక్కువ. అలా ఎందుకవుతుందో క్లాసులో బోర్డు మీద చంద్రుణ్ణి గీసి పిల్లలకి చెప్పేదాన్ని. ఆ మొదటి ఈస్టరుకి నాన్నగారి మట్టిదిబ్బ చుట్టూ చీలమండల లోతు నీరు. కొవ్వొత్తి నిలబెట్టడానికి పొడిచోటు లేక, అది కరిగేదాకా అమ్మ చేత్తోనే పట్టుకు నిలబడింది. చంద్రుడి మీద నాకు మొదటిసారి కోపమొచ్చింది.

ఆ వేసవిలో అమ్మ సమాధి మెరక చేయించింది. గ్రావెల్ తోలించి, చుట్టూ ఇటుక కట్టించి, పైన సిమెంటు గచ్చు చేయించి, సిలువ నిలబెట్టించింది. ఎడమ పక్కన తనకోసం ఉంచిన చోటు కూడా కలిపే లేపించింది. కోనసీమలో మాకు తెలిసిన వైద్యం ఒకటే, మెరక చెయ్యడం. ఇంట్లోకి నీరొస్తే ఇల్లు మెరక చేస్తాం. పక్కింటాయన మనకన్నా జానెడు ఎత్తు చేస్తాడు. ఆయన నీరు మనింటికొస్తుంది. మనం ఇంకో జానెడు లేపుతాం. ఇలా చేసీ చేసీ మా వీధి ఇళ్ళన్నీ అటకెక్కి కూర్చున్నాయి, రోడ్డేమో కాలువైంది. సమాధుల తోటలోనూ అదే జరిగింది. నాన్నగారిది లేచేసరికి, పక్కనే ఉన్న మా చర్చి సంఘపెద్ద గారి అమ్మగారిది మునిగింది. ఆయన ఊరుకుంటాడా? టైల్సుతో సహా లేపించాడు. తరవాత ఆ పక్కవాళ్ళు, వాళ్ళ పక్కవాళ్ళు. కొన్నేళ్ళకి తోటంతా ఎత్తెత్తు గచ్చులే. పోటుకి ఎక్కిన నీరు పాటులో దిగిపోయే దారి లేక వాటి సందుల్లో మడుగు కట్టేసేది. ఆ నిలవనీటికి పునాదులు నానిపోయాయి. అన్నిటికన్నా ముందు కట్టింది నాన్నగారిదే కాబట్టి అదే ముందు కుంగింది. గచ్చు పగిలింది. ఆయన సిలువ డ్రెయిను వైపు వంగిపోయింది, కాలు ఎక్కడ పెట్టాలా అని కిందకి చూస్తున్నట్టు.

"దీనంతటికీ నేనే కారణం," అంది అమ్మ, సందుల్లో నీరు చూపిస్తూ. "మా లంకలో నీరు పోయే దారికి ఎవరైనా గోడ అడ్డం కడితే ఊరంతా కలిసి తంతారు. అంతా తెలిసీ చేసేను."

"నువ్వొక్కదానివే చేశావేంటి, అందరూ చేశారుగా."

"నన్ను చూసే కదే చేసేరు!" అంది. ఆ బాధలోనే కాస్త గొప్ప కూడా వినబడింది నాకు.

ఆ తరవాత ఒక తుఫానులో పోటూ వానా కలిసి వచ్చి, నీరు చర్చి గుమ్మం దాటి, లోపల బల్లలన్నీ తేలాయి. అప్పుడు కదిలారు పైవాళ్ళు. సభ మా చర్చిలోనే పెట్టారు, ఆరీ ఆరని గోడల మధ్య. వచ్చిన ఇంజినీరు మా పిల్లల వయసు అమ్మాయి. దుప్పటంత మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచింది. ఊరికే అనకూడదు, చక్కగా చెప్పింది. ఎవరి మెరక వాళ్ళు చేసుకుంటే నీరు పక్కవాడి మీదికి పోవడం తప్ప ఊరికి మేలు లేదంది. (మా సంఘపెద్ద గారు పైకప్పు చూశారు.) ఊరందరికీ కలిపి ఒకటే గట్టు. గట్టు డ్రెయినుని దాటే చోట తూము, దానికి తలుపులు. పోటు నీరు బయట్నుంచి తోస్తే అవి వాటంతటవే మూసుకుంటాయి, పాటు వచ్చాక లోపలి వాననీరు తోస్తే తెరుచుకుంటాయి. గట్టు మరీ నీటి అంచున కట్టకూడదు, వెనక్కి జరిపి కట్టి నీటికి కొంత చోటు వదిలెయ్యాలి. వదిలిన చోట మడ మొక్కలు పెంచితే అలల జోరు అవే విరుస్తాయి, వాటి వేళ్ళు బురదని పట్టి ఉంచుతాయి. ఊళ్ళోపల ఎత్తు మీద తుఫాను షెల్టరు, దాని పక్కనే కొత్త సమాధుల తోట.

నేను ప్రతి మాటకీ తలూపుతూ కూర్చున్నాను. ఇన్నాళ్ళకి బుర్రపెట్టి ఆలోచించారు అనుకున్నాను. ఆ తరవాత మ్యాపు మీద గట్టు గీసిన ఎర్రగీత ఎటు పోతోందో చూశాను. చర్చికీ సమాధుల తోటకీ మధ్యలోంచి పోతోంది. నీటికి వదిలేసిన చోటులో మా నాన్నగారున్నారు.

అమ్మ కూడా చూసింది. లేచి నిలబడింది.

"ఏవండీ ఇంజినీరు గారూ, ఆ గీత కాస్త జరగదాండీ?"

"ఎటు మామ్మగారూ?"

"డ్రెయిను వైపండి. మావాళ్ళు పడుకున్నంత మేర."

ఆ అమ్మాయి మ్యాపు మీద ఆ చోట వేలు పెట్టింది. అక్కడ మట్టి పరీక్ష చేశామనీ, అడుగునంతా మెత్తటి బురదేననీ, గట్టు కట్టినా నిలబడదనీ, అది తెగితే ఊరు మొత్తం మునుగుతుందనీ మెల్లగా చెప్పింది. "మీరు జరపమంటే కాగితం మీద జరుపుతానండి. నీరు ఒప్పుకోదు," అంది.

"ఆయ్, నీరు సంగతి నాకు తెలుసులెండి. అడక్కపోతే మా మేష్టారు ఊరుకోరని అడిగేను," అంది అమ్మ. కొందరు నవ్వారు. అమ్మ కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

ఆ గీత అర్థం ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. గట్టు లేచాక పాత తోటలో ఇక ఎవరినీ పెట్టరు. అమ్మకి నాన్నగారి పక్కన చోటు ఉండదు. ఆ ఎడమ పక్క ఖాళీలో ప్రతి ఈస్టరుకీ ఒక పువ్వు పెట్టుకునేది ఆవిడ. "నాకు నేనే పెట్టుకుంటున్నాను, మీరు పెడతారో పెట్టరో," అని వేళాకోళం ఆడేది. వయసులో ఉన్నప్పుడు నగలడిగిన మనిషి కాదు, ఊళ్ళు తిప్పమన్న మనిషీ కాదు. కోరుకున్నది ఆ కాస్త చోటు.

కొన్నాళ్ళకి అయ్యగారు ఇంటికొచ్చారు. "అమ్మగారూ, కొంతమంది తమవాళ్ళ ఎముకలు తీసి కొత్త తోటలోకి మార్చుకుంటామంటున్నారండి. మీరూ ఊఁ అంటే మేష్టారిని కూడా మార్చుకుందాం. ప్రార్థన చేసి, మర్యాదగా చేద్దాం," అన్నారు.

నేను మార్చేద్దామన్నాను. మెరక, పొడిచోటు, ఇద్దరూ ఒక్కచోట ఉంటారు, ఇంకేం కావాలి? మా ఆయన కూడా సరేనన్నారు. అమ్మ అయ్యగారికి కాఫీ ఇచ్చి, ఆయన తాగాక గ్లాసు తీసుకుంది.

"వద్దండి అయ్యగారూ. నిద్రలో లేపితే ఆయనకి కోపం. ఆ రోజు లేపకూడదనుకునే కదండీ నేను తలుపు..." అని ఆగిపోయింది. గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్తూ, "వద్దులెండి," అంది.

మర్నాడు ఆ మాట మళ్ళీ ఎత్తబోతే వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ లేపననుకున్నాక లేపించడానికి నేనెవర్ని?

కొత్త తోట తయారయ్యాక అమ్మని తీసుకెళ్ళి చూపించాను. ఎర్ర గ్రావెల్ పోసి గట్టిగా అణిచారు. చుట్టూ రాతికట్టు, వాననీరు పోవడానికి పక్కన చిన్న కాలువ. అమ్మ గొడుగు మొన నేలలో గుచ్చింది. దిగలేదు. ఇంకోచోట గుచ్చింది. మొన ఎత్తి వేలితో తడిమి చూసింది.

"ఎంత పొడిగా ఉందే! మీ నాన్నగారికి ఎంత నచ్చేదో," అంది. గొడుగు మీద బరువేసి అలాగే నిలబడింది. "చోద్యం చూడు. ఆయన కోరుకునే చోటు నాకొస్తోంది. నాకేం, లంకలో పుట్టేను, ఏ నీళ్ళలో పెట్టినా బెంగలేదు. ఆయనేమో అక్కడ..."

ఇంటికొచ్చే దారిలో నేను వెనకపడి నడిచాను. ఆవిడ ముందు ఏడవడం ఇష్టంలేక.

మడ మొక్కలు నాటే రోజు ఆడవాళ్ళం అందరం బురదలోకి దిగాం. మడకాయ మునక్కాయలా పొడుగ్గా ఉంటుంది, పాటు వేళ బురదలో నిలువుగా గుచ్చితే చాలు. వద్దంటే వినకుండా అమ్మ చీర ఎగ్గట్టి దిగిపోయింది. మోకాళ్ళ నొప్పులని డాబా మెట్లెక్కని మనిషి ఆ బురదలో నాకన్నా ముందు నడిచింది. నేను ఎప్పుడూ చూడని లంక పిల్ల ఆ రోజు కనబడింది నాకు. ఇంజినీరమ్మాయి తాడు పట్టి వరసలు చూపిస్తోంది. అమ్మ మాత్రం నాన్నగారి చుట్టూ దగ్గర దగ్గరగా గుచ్చుకుంటూ పోతోంది.

"వరసలో వెయ్యాలండీ మామ్మగారూ."

"ఆయ్, అలాగేనండి," అంటూనే తన పద్ధతిలో తను గుచ్చింది. పగిలిన గచ్చు మీద బురద పేరుకున్న తన చోటులో కూడా గుచ్చింది.

"నీ చోటులో ఎందుకమ్మా?" అన్నాను.

"నేనెలాగూ రావట్లేదుగా. పక్కన ఖాళీగా ఉంటే ఆయనకి తోచదు."

గట్టు పూర్తయిన ఏడాదే ఒక తుఫాను వచ్చింది. ముందురోజు తుఫాను హెచ్చరికతో ఫోన్లన్నీ ఒక్కసారిగా కూశాయి, మైకులో చెప్పారు. అమ్మ సంచి సర్దుకుని బుద్ధిగా షెల్టరుకి నడిచింది. నడుస్తూ, "ఈ ఫోను కూత గట్టు అవతలకి వినబడుతుందంటావా?" అంది. "ఊరుకో అమ్మా," అని కసిరాను. షెల్టర్లో కూర్చున్నంతసేపూ నాకూ అదే ధ్యాస.

గాలి తగ్గాక వచ్చి చూస్తే గట్టు నిలబడింది. తూము తలుపులు సముద్రాన్ని అటే ఆపాయి. పడిన వాన పాటులో డ్రెయిను పట్టుకుపోయింది. వీధిలో నీరు లేదు, చర్చి బల్లలు తడవలేదు. పండగలా ఉంది ఊరు. అమ్మ తిన్నగా గట్టెక్కింది. వెనకే నేను. అవతల బురదనీళ్ళు ఇంకా దిగలేదు. మడ మొక్కలు కొన్నిచోట్ల కొట్టుకుపోయాయి. సంఘపెద్ద గారి టైల్సు సమాధి పక్కకి పడిపోయింది. నాన్నగారి చుట్టూ అమ్మ ఒత్తుగా గుచ్చినవి మాత్రం వంగి, బురద పూసుకుని, అక్కడే ఉన్నాయి. ఆయన సిలువ ఎంత వంగిందో అంతే ఉంది.

అమ్మ గట్టు మీద కూలబడింది. "ఒక మాట చెప్తాను, నవ్వకు," అంది. "నేను పోయినప్పుడు అందరూ మన్ను వేస్తారుగా. నువ్వు వెయ్యకు. ఇక్కడికొచ్చి ఆయన దగ్గర నీళ్ళు ఒక చెంబుడు పట్టుకెళ్ళి నా మీద పొయ్యి."

నేను వేళాకోళంలోకి దిగాను. "ఉప్పునీళ్ళమ్మా అవి. ఒక ఉపకారం చెయ్యవని నువ్వే అన్నావుగా!"

"ఈ ఒక్కటీ చేస్తాయిలే," అంది.

అమ్మ పోయింది నిరుటి ఎండాకాలంలో. కొత్త తోటలో గొయ్యి తవ్వితే అడుగుదాకా పొడి. "చూడండీ, చుక్క నీరు లేదు, మహారాణిలా వెళ్తోంది," అన్నారు వచ్చినవాళ్ళు. వాళ్ళు మంచికే అన్నారు. నేను ఆ పొడి గోడల వైపు చూడకుండా వెనక్కి తిరిగాను.

ఇంట్లోంచి ఇత్తడి చెంబు తీసుకుని గట్టు దగ్గరికి వెళ్ళాను. వెంట మా ఆయన వచ్చారు. అప్పుడు పోటు. తూము తలుపులు మూసుకుని ఉన్నాయి. ఇటు పక్క డ్రెయిన్లో ఉన్నవి పొలం నీళ్ళు, అవి నాకొద్దు. గట్టెక్కి అవతలికి దిగాను. మడ మొక్కలు భుజాల ఎత్తు పెరిగాయి. కొమ్మలు తప్పించుకుంటూ, ఎక్కడ కాలు వెయ్యాలో వెతుక్కుంటూ వెళ్ళాను, అచ్చం నాన్నగారిలా. ఆకుల మధ్యలోంచి ఆయన సిలువ చెయ్యి ఒకటి కనబడింది. అక్కడే చెంబు ముంచాను.

తిరిగొచ్చేసరికి అందరూ మన్ను వేస్తున్నారు. ఎండుమన్ను పెట్టె మీద గలగలమని పడుతోంది. నేను చెంబు వంచాను. "అదేంటమ్మా?" అన్నారు సంఘపెద్ద గారు. నీళ్ళు పెట్టె మీదనుంచి జారి గ్రావెల్లోకి ఇంకిపోయాయి. చూస్తుండగానే తడి ఆనవాలు కూడా లేకుండా పోయింది. నాకు మనసొప్పలేదు. మళ్ళీ వెళ్ళి ఇంకో చెంబు తెచ్చాను. ఎవరూ వారించలేదు. నేను వచ్చేదాకా అయ్యగారు పాట సాగదీస్తూనే ఉన్నారు.

అందరూ వెళ్ళాక ఇంటికొచ్చి అమ్మ ట్రంకుపెట్టె తెరిచాను, ఆవిడ బైబిలు కోసం. అడుగున నాన్నగారి రుమాళ్ళు రెండూ ఉన్నాయి, ఉతికి, కలిసిపోకుండా విడివిడిగా మడతపెట్టి. పాదాల రుమాలు ఏదో నాకు తెలుసు, దాని అంచు చిరిగి ఉంటుంది. అది పట్టుకుని కొత్త తోటకి మళ్ళీ వెళ్ళాను. అమ్మ గొయ్యి పూడ్చగా మిగిలిన మట్టి ఇంకా పక్కన కుప్పగా ఉంది. ఎండకి కాలి వెచ్చగా ఉంది. రుమాలు నిండా మూట కట్టుకుని గట్టు దాటాను.

పాటు మొదలైంది. నాన్నగారి చుట్టూ నీరు కొంచెం దిగింది కానీ గచ్చు మీద ఇంకా వేళ్ళు మునిగేంత ఉంది. రుమాలు విప్పి, అమ్మ పక్కనుంచి తెచ్చిన ఆ పొడిమట్టి అంతా ఆయన మీద పోశాను. ఒక్క క్షణం ఎర్రగా, పొడిగా, చిన్న కుప్పలా నిలబడింది. తరవాత అంచులు నానడం మొదలయ్యాయి.

చిన్నప్పుడు వీధి మెట్టు మీంచి వినబడిన కేక గుర్తొచ్చింది. ఇంట్లోంచి జవాబు చెప్పే మనిషి ఇప్పుడు లేదు కాబట్టి నేనే చెప్పాను.

"ఆరుతుందండీ," అన్నాను. ఆ మట్టి పూర్తిగా కరిగేదాకా అక్కడే నిలబడ్డాను.